సగం వాడినది, పారేయొద్దు

ఆ ఉదయం భద్రంగారు వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. ఆరున్నరకి మొదటి బస్సు, ఏడున్నరకి రెండో బస్సు, ఎనిమిదిన్నరకి ఆఫీసు. చేరగానే ప్రింటరులోంచి నల్ల కార్ట్రిడ్జి తీసి రంగుల కార్ట్రిడ్జి పెట్టడం, బదిలీ ఫారం మీద తన ఫొటో రంగుల్లో అచ్చు వేసుకోవడం. పంటి డాక్టరు దగ్గరకి వెళ్ళిన మేనేజరుగారు పదకొండున్నరకి తిరిగి రాగానే సంతకం. పన్నెండున్నరకి హెడ్డాఫీసుకి వెళ్ళే తపాలా సంచిలో ఆ ఫారం పడిపోవాలి. సంచి వెళ్ళిపోయిందంటే మళ్ళీ మూడేళ్ళ దాకా బదిలీల ఊసు ఉండదు.

భద్రం అనేది ఆయనకి తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. నీటి సరఫరా వాళ్ళ శాఖాఫీసు అది. అక్కడ రికార్డు గుమాస్తాగా చేరిన మొదటి వారంలో ఎవరికి గుండుసూది ఇచ్చినా "భద్రం" అనేవారు, రబ్బరు బ్యాండు ఇచ్చినా "భద్రం" అనేవారు. రెండో వారానికల్లా ఆఫీసు ఆయన అసలు పేరు మర్చిపోయింది. జీతం కాగితం మీద ఆ పేరు చూసి "ఈయనెవరు?" అని ఆయనే ఒకసారి అడిగారంటారు. అది మాత్రం కట్టుకథే అయ్యుంటుంది.

ఆయనకి కావలసింది ఒక్కటే. ఇంటికి పది నిమిషాల నడకలో ఇదే సంస్థకి ఇంకో శాఖాఫీసు ఉంది, అక్కడ రికార్డు గుమాస్తా కుర్చీ ఖాళీ అయింది. ఇక్కడికైతే రానూపోనూ రోజుకి నాలుగు బస్సులు. ఆయన బయల్దేరేటప్పటికి కూతురు నిద్ర లేవదు, తిరిగొచ్చేటప్పటికి పుస్తకం మీద కునికిపాట్లు పడుతూ ఉంటుంది. మొన్న బళ్ళో 'మా నాన్న' బొమ్మ గీయమంటే ఆ పిల్ల ఒక వీపూ, దానికి వేలాడే సంచీ గీసుకొచ్చింది. టీచరు బాగుందని నక్షత్రం కూడా పెట్టింది. అది చూసి భద్రంగారు కంచంలో అన్నం వదిలేసి లేచిపోయారు. సగం మిగిలినదాన్ని ఆయన వదిలెయ్యడం ఆ ఇంట్లో అదే మొదటిసారి. మర్నాడే బదిలీ ఫారం తెచ్చుకున్నారు.

ఫారానికి ఒక షరతు ఉంది. ఫొటో అతికిస్తే చెల్లదు, ఫారం మీదే రంగుల్లో అచ్చయి ఉండాలి. ఎందుకని అడగకూడదు. అలా అడగడానికి వేరే ఫారం ఉంటుంది.

ఇక ఆఫీసు ప్రింటరు సంగతి. అది ముసలిది, కార్ట్రిడ్జి కూర్చోడానికి ఒకటే గూడు. నలుపు కావాలంటే నల్లది పెట్టాలి, రంగులు కావాలంటే నల్లది తీసేసి రంగులది పెట్టాలి. తీసినదాన్ని ఊరికే బల్ల మీద పడేస్తే ఇంకు కారే ముక్కు ఎండిపోయి బిగుసుకుపోతుంది. మామూలు మనుషులైతే అది ఎండిపోయాక ఇంకోటి తెప్పిస్తారు. భద్రంగారు మామూలు మనిషి కాదు. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో, ముక్కు కిందికి ఉండేలా నిలబెట్టి, ముక్కుకి తగలకుండా పక్కన తడిదూది ఉండ ఉంచి, మూత బిగించి, పైన చీటీ అంటించేవారు. 'సగం వాడినది. పారేయొద్దు.' దాని కింద తేదీ. తేదీ లేని చీటీ ఆయన దృష్టిలో చీటీయే కాదు.

నల్లది సైజులో పెద్దది కనక దాని పేరు పెద్దాయన. రంగులది రంగమ్మ. ఈ పేర్లు పెట్టింది ఆయన భార్య, వెటకారంగా. భద్రంగారు వెటకారం వదిలేసి పేర్లు మాత్రం ఉంచుకున్నారు. పెద్దాయన ఎప్పుడూ ప్రింటరులోనే ఉంటాడు. రంగమ్మని ఆఫీసులో పెడితే అటెండరు చెత్తబుట్టలో వేస్తున్నాడు. రెండుసార్లు వేశాడు, రెండుసార్లూ భద్రంగారు మోచేతి దాకా చెయ్యిపెట్టి వెతికి తీశారు. అప్పట్నుంచీ రంగమ్మ కాపురం ఇంటి ఫ్రిజ్‌లో, కూరగాయల అరలో.

ఇందులో ఒక్క చిక్కుంది. ఆఫీసులో అందరూ మేనేజరుగారిని వెనకాల పెద్దాయన అనే అంటారు. భద్రంగారికి మనుషుల వెనకాల మాట్లాడే అలవాటు లేదు కనక ఆ సంగతి తెలియదు. మంచి అలవాట్ల వల్ల మనిషికి జరిగే నష్టాల్లో ఇదొకటి.

సరే, ఎనిమిదిన్నరకి ఆఫీసు చేరారు. సంచిలోంచి డబ్బా తీశారు, చీటీ చూసుకున్నారు, మూత విప్పారు. లోపల సగం కోసిన నిమ్మకాయ ఉంది. ఆ ఇంట్లో డబ్బాలన్నీ ఒకే రకం, చీటీలన్నీ ఒకే మాట. భద్రంగారు వెంటనే ఫోను తీశారు. అందులో భార్య పేరు 'హెడ్డాఫీసు' అని ఉంటుంది. అలా పెట్టింది ఆయన కాదు, ఆవిడే.

"రంగమ్మ ఇంట్లోనే ఉండిపోయిందే!" అన్నారు.

"మరి మీరు పట్టుకెళ్ళిందేమిటి?"

"నిమ్మకాయ."

"నయం, నన్ను డబ్బాలో పెట్టుకుపోలేదు. ఏమండీ, మీ ఆఫీసు వీధి చివర కొట్టు లేదూ? ఫారం మీదే ఫొటో ఐదు నిమిషాల్లో అచ్చు వేసిస్తాడు. వెళ్ళి వేయించుకోండి, ఈ గోల వదిలిపోతుంది."

"పావు వంతు సరుకు ఇంట్లో పెట్టుకుని కొట్టుకి వెళ్తానా? నా వల్ల కాదు."

సరిగ్గా ఇక్కడ చెక్కతెర అవతల టైపిస్టు వచ్చి కూర్చుంది. మంచి మనిషే. ఏ విషయమైనా ఎవరికీ చెప్పననే చెబుతుంది, అందరికీ అలాగే చెబుతుంది. ఆవిడ చెవిన పడింది భద్రంగారి మాటలు మాత్రమే.

"కుదరదు. పదకొండింటికల్లా రంగమ్మ ఇక్కడ ఉండి తీరాలి... పెద్దాయన్ని నేను ఇప్పుడే తీసేస్తానుగా, రెండు నిమిషాల పని... ఆయనలో ఇంకుంది, కాదనను. కానీ రంగు లేదు, ఇవాళ్టికి పనికిరాడు... ఆఁ, రంగమ్మ ఆ సీట్లో కుదురుగా కూర్చుంటే చాలు, నా పని అయిపోయినట్టే... ఊరికే పంపిస్తే కాదు, దగ్గరుండి తీసుకురావాలి... చిత్తం, చిత్తం."

ఆయన అన్నది ఇంకు ఉందని. టైపిస్టు విన్నది ఇంకా ఉందని. రెంటికీ మధ్య తేడా ఒక దీర్ఘం. భద్రంగారు ఫోను బల్ల మీద పెట్టి నీళ్ళ కోసం వెళ్ళగానే టైపిస్టు మెడ చాచి చూసింది. ఫోను తెర మీద ఇంకా 'హెడ్డాఫీసు' అనే అక్షరాలు వెలుగుతున్నాయి. ఇక ఆవిడ కుర్చీలో కూర్చోలేకపోయింది.

తొమ్మిదింబావుకి భద్రంగారి బల్ల మీదికి అడగకుండానే టీ వచ్చింది. తెచ్చిన అటెండరు కప్పు కింద సాసరు కూడా పెట్టాడు. ఆ ఆఫీసులో సాసరు ఇంతవరకు మేనేజరుగారి గది దాటి రాలేదు. భద్రంగారు ఆశ్చర్యపోయే లోపలే ఫ్యాను ఆయన వైపు తిరిగింది. ఇంకాసేపటికి సూపరింటెండెంటు స్వయంగా వచ్చి ఎదురుగా కూర్చున్నారు. మేనేజరుగారు తుమ్మినా "ఆహా" అనే మనిషి కావడంతో ఆయన్ని అందరూ ఆహాగారు అంటారు.

"భద్రంగారూ, మనలో మన మాట," అన్నారు ఆహాగారు గొంతు తగ్గించి. "రంగమ్మగారు ఎలాంటివారంటారు?"

భద్రంగారి మొహం వెలిగిపోయింది. మూడేళ్ళుగా ఆ ప్రింటరు సంగతి ఎవరికి చెప్పబోయినా వాచీ చూసుకుని లేచిపోయినవాళ్ళే. ఇన్నాళ్ళకి ఒక మనిషి వచ్చి అడుగుతున్నాడు, పైగా 'గారు' తగిలించి.

"చాలా సున్నితమండీ. అంతా ముక్కు మీదే ఉంటుంది."

"కోపమా?"

"ముక్కు జోలికి వెళ్ళనంతసేపూ ఏ గొడవా లేదు. వెళ్ళామా, ఇక పేజీ నిండా ఎర్రగీతలే."

ఆహాగారికి చెమట పట్టింది. పెద్దాయన హయాంలో ఫైళ్ళ మీద గీతలు పెట్టే అలవాటు లేదు. అసలు ఫైళ్ళు తెరిచే అలవాటే లేదు.

"మరి ఆవిడ దగ్గర ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?"

"ఎండ తగలకూడదు. గాలి కొట్టకూడదు. అన్నిటికంటే ముఖ్యం, తల ఎప్పుడూ కిందికే ఉండాలి. చాలామందికి అక్కడే తెలియదండీ, తల పైకి పెట్టేస్తారు."

"ఆహా," అని ఆహాగారు అప్పుడే తల దించి చూసుకున్నారు.

"ఇంకోటి. వారం రోజులు పని చెప్పకుండా కూర్చోబెడితే బిగుసుకుపోతుంది. అప్పుడు గోరువెచ్చని నీళ్ళలో ముక్కు ముంచాలి."

ఆహాగారు కాసేపు ఆలోచించారు. "అది... మీరు చూసుకుంటారుగా?"

"నేనే చూసుకుంటాను. ఇంకెవర్నీ దగ్గరికి రానివ్వను."

"మరి పెద్దాయన?"

"తీసేశానండీ, ఇందాకే."

"అప్పుడేనా? గొడవ చెయ్యలేదూ?"

"ఎక్కడ నొక్కాలో తెలిస్తే గొడవేముంటుంది? టిక్కుమన్నాడు, వచ్చేశాడు. భద్రంగా పక్కన పెట్టాను, ఎప్పుడైనా మళ్ళీ అవసరం రావచ్చు."

ఆహాగారు లేచి నిలబడి, ఏమనుకున్నారో, చేతులు జోడించి వెనక్కి వెనక్కి నడిచి వెళ్ళిపోయారు. మూడేళ్ళుగా తను "ఏమయ్యా" అని పిలిచిన మనిషి ఇంతటివాడని ఆయనకి కలలో కూడా తట్టలేదు.

భద్రంగారు దీన్నంతా ఇంకోలా అర్థం చేసుకున్నారు. తన బదిలీ మాట బయటికి పొక్కింది కాబోలు, వెళ్ళిపోతున్నాడని అందరికీ ప్రేమ పుట్టుకొచ్చింది అనుకున్నారు. వీళ్ళని అనవసరంగా రాతిమనుషులనుకున్నానే అని మనసులోనే లెంపలేసుకున్నారు. టీ సగం తాగి, అలవాటు కొద్దీ కప్పు మీద సాసరు మూతపెట్టి పక్కన ఉంచారు.

పది గంటలకల్లా ఆఫీసు రూపు మారిపోయింది. అటెండరు స్టూలెక్కి మేనేజరుగారి పేరున్న ఇత్తడి పలక ఊడదీశాడు. మేనేజరుగారి కుర్చీలో ఆయన నడుంనొప్పికి పెట్టుకునే దిండు బీరువా వెనక్కి పోయింది. ఆవిడకి ఎండ తగలకూడదు కనక కిటికీలకి పాత పటాలు కట్టారు. నగరం మొత్తం నీటి గొట్టాలు ఆ పటాల్లో ఉన్నాయి, ఏ గొట్టం ఎక్కడుందో చూడటానికి వాటిని విప్పి ఏళ్ళయింది. ఆహాగారు పూలగుత్తి తెప్పించారు. నిన్న సాయంత్రం ఇదే ఆహాగారు మేనేజరుగారితో "మీరు లేని ఈ ఆఫీసుని ఊహించుకోలేను సార్" అన్నారు. ఊహించుకోడానికి ఆయనకి సరిగ్గా నలభై నిమిషాలు పట్టింది.

టైపిస్టు మనసు మెత్తన. ఎంతైనా పాపం ఆయనకి తెలియాలి కదా అని పంటి డాక్టరు దగ్గరున్న మేనేజరుగారికే ఫోను చేసింది.

"సార్, నేను ఎవరికీ చెప్పలేదు, మీకే చెబుతున్నాను. హెడ్డాఫీసు వాళ్ళు మిమ్మల్ని తీసేసి రంగమ్మగారిని వేస్తున్నారు. పదకొండింటికి వస్తున్నారట. భద్రంగారు దగ్గరుండి అంతా నడిపిస్తున్నారు. ధైర్యంగా ఉండండి సార్."

మేనేజరుగారు అప్పుడు దవడకి మత్తు ఇంజెక్షను వేయించుకుని నోరు తెరుచుకుని ఉన్నారు. ఎడమ పెదవి ఆయన మాట వినడం మానేసి పావుగంటైంది. ఆ పెదవితోనే హెడ్డాఫీసుకి ఫోను చేశారు. "నన్ను తీసేత్తున్నాయా సాయ్? నేనేం తప్పు చేశాను సాయ్? యంగమ్మ ఎవయు సాయ్?" అని బావురుమన్నారు. అవతలి పెద్ద అధికారి అంతా విని, "ఏమయ్యా, పొద్దున్నే పుచ్చుకున్నావా?" అని అడిగారు. ఎంత కాదన్నా ఆ నోటితో అన్న కాదు కూడా తాగినవాడి కాదులాగే వినిపించింది. మధ్యాహ్నంలోగా సంజాయిషీ రాసి పంపమని ఫోను పెట్టేశారాయన.

సరిగ్గా పదకొండింటికి భద్రంగారి భార్య ఆఫీసు మెట్లెక్కింది. ఆవిడ మధ్యాహ్నం నుంచి మందుల కొట్లో పనిచేస్తుంది. దారిలో రంగమ్మకి వేడి తగిలితే మొగుడు పెట్టే గోల పడలేక, కొట్లో మందులు మోసే తెల్లటి చల్లపెట్టెలో డబ్బా పెట్టి, బెల్టు బిగించి తెచ్చింది. ఆవిడకోసం భద్రంగారు వెనక గేటు దగ్గర కాచుకుని ఉన్నారు, ఆవిడేమో ముందు గేటులోంచి వచ్చింది. గుమ్మంలో ఆఫీసంతా రెండు వరసల్లో నిలబడి ఉంది, అందరి తలలూ నేలకే.

"రంగమ్మగారు..." అన్నారు ఆహాగారు.

"ఆఁ, వచ్చేసిందిగా," అందావిడ చల్లపెట్టె పైకెత్తి చూపిస్తూ. తలలు దించుకున్నవాళ్ళకి పెట్టె కనబడలేదు.

పూలగుత్తి చేతికొచ్చింది. ఎవరో దారి చూపించారు. ఇంకెవరో తలుపు తీశారు. తీరా చూసుకునేసరికి ఆవిడ ఒక పెద్ద గదిలో, పెద్ద కుర్చీలో, చల్లగా కూర్చుని ఉంది. మా ఆయన గొప్పలు చెప్పుకోడు గానీ ఇక్కడ బాగానే గౌరవిస్తున్నారే అనుకుని ఆవిడ లోలోపల పొంగిపోయింది. కాసేపటికి ఒక్కొక్కరే లోపలికొచ్చి పాత మేనేజరు మీద గోడు వెళ్ళబోసుకోవడం మొదలుపెట్టారు. మందుల కొట్లో రోజూ వందమంది బాధలు వినే మనిషి కనక ఆవిడకి అదేమీ వింతగా తోచలేదు.

"కేకలేస్తారండీ," అంది టైపిస్టు కళ్ళు ఒత్తుకుంటూ.

"రోజుకెన్నిసార్లు?"

"మూడుసార్లండి."

"భోజనానికి ముందా, తర్వాతా?"

"ముందేనండి."

"ఎన్నాళ్ళ నుంచి?"

టైపిస్టు బయటికొచ్చి, ఇంత క్షుణ్ణంగా అడిగిన అధికారిని ఈ జన్మలో చూడలేదంది.

పదకొండూ ఇరవైకి ముందు గుమ్మంలోంచి మేనేజరుగారూ, వెనక గుమ్మంలోంచి భద్రంగారూ ఒకేసారి ఆ గదిలోకి వచ్చారు. మేనేజరుగారి మూతి ఎడమవైపుకి జారి ఉంది. కుర్చీలో ఉన్న మనిషిని చూసి ఆయన తలుపు పట్టుకున్నారు.

"ఎవయు? నా కుయ్చీయో ఎవయు? యంగమ్మ అంటే నువ్వేనా?"

"నేనెందుకవుతాను? రంగమ్మ ఈ పెట్టెలో ఉంది," అందావిడ.

అందరికంటే ముందు తేరుకున్నది ఆహాగారే. మేనేజరు మొహం చూశారు, పెట్టె చూశారు, ఆవిడ చేతిలో పూలగుత్తి చూశారు. ఒక్క అంగలో వెళ్ళి ఆ పూలగుత్తి లాక్కుని మేనేజరు చేతిలో పెట్టారు.

"పంటినొప్పి తగ్గి వచ్చారని, మీకేనండి. పేరు పలక కూడా తుడిపించాను సార్."

"యంగమ్మ సంగతి చెప్పండి!"

పది వేళ్ళు భద్రంగారి వైపు తిరిగాయి. భద్రంగారికి ఇంకా ఏమీ అర్థం కాలేదు, కానీ రంగమ్మని చూపించమంటే ఆయనకి సంతోషమే. చల్లపెట్టె బెల్టు విప్పి, డబ్బా తీసి, మూత తెరిచి, తడిదూది పక్కకి జరిపి రెండు చేతులా ముందుకి చాచారు.

"ఈవిడేనండి రంగమ్మ. పెద్దాయన్ని తీసేసి ఈవిణ్ణి పెడదామని."

"ఏ పెద్దాయన?"

"నల్ల కార్ట్రిడ్జి సార్. మీకు తెలియదూ, మన ప్రింటరుకి ఒకటే గూడు..."

మేనేజరుగారు రంగమ్మని గభాల్న లాక్కుని, గట్టిగా పట్టుకుని కళ్ళ దగ్గర పెట్టుకున్నారు. ఆయన బొటనవేలు సూటిగా వెళ్ళి పడవలసిన చోటే పడింది.

"అయ్యో, ముక్కు! ముక్కు సార్!" అని కేకేశారు భద్రంగారు.

మేనేజరుగారు హడలిపోయి, తన ముక్కుకి ఏమైందో అని అదే వేలితో తడుముకున్నారు. ముక్కు మీద ఎర్రమచ్చ పడింది. తర్వాత పెదవి కూడా తుడుచుకున్నారు, అది నీలంగా మారింది. మత్తులో ఉన్న పెదవికి ఆ తడి తెలియలేదు. చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. "ఆహా," అన్నారు ఆహాగారు అలవాటు చొప్పున, అని నాలిక కరుచుకున్నారు. మేనేజరుగారు అందర్నీ బయటికి పొమ్మని చెయ్యి ఊపి, ఆ రంగుల మొహంతోనే సంజాయిషీ రాయడానికి కూర్చున్నారు.

భద్రంగారు మాత్రం రంగమ్మని తీసుకుని ప్రింటరు దగ్గరికి పరుగెత్తారు. గూట్లో కూర్చోబెట్టి, మీట నొక్కి, ప్రాణం ఉగ్గబట్టుకుని చూశారు. ఫారం మీద మెల్లగా ఆయన ఫొటో దిగింది. ముఖం నీలం. దాని మీద అడ్డంగా ఎర్రగీతలు. పక్కనున్న భార్య ఆ కాగితం మీదికి వంగి చూసింది.

"రంగుల్లోనే ఉండాలన్నారు కదే. ఇది రంగేగా?" అన్నారు భద్రంగారు.

పన్నెండూ ఇరవైకి ఫారం పట్టుకుని మేనేజరు గదిలోకి వెళ్ళారు. అప్పటికి మత్తు దిగుతోంది. అంతకంటే ముఖ్యం, ఆహాగారు నిజంగానే తుడిపించి తెచ్చిన ఇత్తడి పలక బల్ల మీద అద్దంలా మెరుస్తోంది. అందులో మేనేజరుగారు తన ముక్కు చూసుకుని ఎంతోసేపు కాలేదు.

"కూర్చోండి భద్రంగారూ," అన్నారు. అక్షరాలన్నీ తిరిగి వచ్చేశాయి, అందులోనూ చాలా మర్యాదగా. "ఆ రంగమ్మలో ఎంతుందన్నారు?"

"పావు వంతండి."

"పావే కదా, పారేసి కొత్తది తీసుకోవచ్చుగా?"

"ఎలా పారేస్తామండీ? ఉన్నంతవరకూ దాచుకోవాలి." ఎంత భయంలో ఉన్నా ఈ ఒక్క విషయంలో భద్రంగారు తగ్గలేరు.

"బాగా చెప్పారు. మీ సర్వీసు ఎన్నేళ్ళయింది?"

"పదహారండి."

"ఇంకెన్నేళ్ళుంది?"

"పదహారేనండి."

"అంటే సగం." మేనేజరుగారు ఫారం మడిచారు, మళ్ళీ మడిచారు, సొరుగులో పెట్టి తాళం వేశారు. "మీరు సిరాబుడ్డినే పారేయనివారు, నేను మనిషిని ఎలా పారేస్తాను చెప్పండి? మీలో ఇంకా ఉంది. మిమ్మల్ని నేను దాచుకుంటాను. గాలీ ఎండా తగలకుండా."

"సార్, మా పాప..." అన్నారు భద్రంగారు. బొమ్మ సంగతి, వీపు సంగతి, సంచి సంగతి చెబుదామనుకున్నారు. కిందినుంచి తపాలా బండి హారను వినిపించింది. అటెండరు సంచి మూతి బిగించి కట్టుకుంటూ గుమ్మం ముందునుంచి వెళ్ళిపోయాడు. ఆయన కళ్ళు సంచి వెంట మెట్ల దాకా వెళ్ళి వెనక్కొచ్చాయి.

భార్య చల్లపెట్టె భుజానికి తగిలించుకుని గేటు దగ్గర నిలబడి ఉంది. ఆయన మొహం చూసింది. బస్సొచ్చాక, మెట్టు మీద కాలు పెట్టి వెనక్కి తిరిగింది.

"వీధి చివర కొట్టు తెరిచే ఉందండీ. వచ్చేటప్పుడు చూశాను. ఐదు నిమిషాలు," అంది.

అంతకంటే తిట్టినా బాగుండేదనిపించింది భద్రంగారికి.

ఆ వారమే ఆఫీసు ఉత్తర్వు వచ్చింది. టైపు చేసింది టైపిస్టే, ఎవరికీ చెప్పకుండా. ఆహాగారు ఇంక్రిమెంటుకి సిఫారసు అయ్యారు, ఇత్తడి శుభ్రతలో చూపిన శ్రద్ధకి. రికార్డు గుమాస్తా బల్ల మెట్ల కింద ఉన్న పాత రికార్డుల గదికి మారింది. దానికి కిటికీ లేదు, కనక గాలి ఎండల బెడద లేదు. గోడలో నీటి గొట్టం ఒకటి ఎప్పట్నుంచో కారుతోంది, అది ఎక్కడ కారుతోందో చూపించే పటం మేనేజరుగారి కిటికీకి కట్టేసి ఉంది. కనక తడి ఆరే ప్రశ్న కూడా లేదు. పైకప్పు ఎంత పొట్టిదంటే లోపలున్నంతసేపూ తల కిందికే ఉంటుంది.

సోమవారం ఉదయం భద్రంగారు తన డబ్బాలు రెండూ పట్టుకుని ఆ గది దగ్గరికి వెళ్ళేసరికి అటెండరు తలుపుకి చీటీ అంటిస్తున్నాడు. అక్షరాలు గుండ్రంగా, శ్రద్ధగా రాశాడు. 'సగం వాడినది. పారేయొద్దు.' వరండాలో నవ్వులు వినిపించాయి, ఆహాగారి గొంతు అన్నిటికంటే పైన. భద్రంగారు కళ్ళజోడు సర్దుకుని చీటీని పైనుంచి కిందిదాకా రెండుసార్లు చదివారు.

"తేదీ వెయ్యలేదేం?" అన్నారు.